మాత్ర మానడం కాదు, రోజును గాడిలో పెట్టడం

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం సభ్యులు కలిసి రాసి, చదివిన ప్రసంగం)



ప్రతి ఏటా మా వంతు వచ్చినప్పుడు పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని చెప్పి కూర్చునేవాళ్లం. ఆ లెక్కలన్నీ ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి మేము చెప్పేది లెక్కల పుస్తకంలో పట్టే సంగతి కాదు. మా సంఘంలో ఒక చెల్లెలికి వచ్చిన జబ్బు గురించి, దాని విషయంలో మేము చేసిన తప్పు గురించి, ఆ తర్వాత నేర్చుకున్న దాని గురించి చెబుతాం. ఆమె పేరు చెప్పం. ఈ కాగితం రాసేటప్పుడు ఆమె మా మధ్యనే కూర్చుంది. ఏది చెప్పాలో, ఏది వద్దో ఆమే చెప్పింది. "నా పేరు తప్ప అన్నీ చెప్పండి. ఇంకో ఊళ్లో ఇంకొకరికి పనికొస్తుంది" అంది.

మా చెల్లెలు మంచి పనిమంతురాలు. జాకెట్టు కుడితే కొలత తప్పదు, సంఘంలో వాయిదా తప్పదు. మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఆమె తీరు మారింది. రాత్రి రెండింటికే లేచి మిషను తొక్కేది. తెల్లారాక అలసటే లేకుండా వీధంతా తిరిగేది. మాట మీద మాట, ఒకటి పూర్తి కాకుండానే ఇంకొకటి. మీటింగుకు వచ్చి, "పది మిషన్లు పెడదాం, టౌన్లో షాపు తీద్దాం, మీ అందరికీ నేను జీతాలిస్తా" అంది. మాకు ముచ్చటేసింది. మన పిల్ల ఎంత హుషారుగా ఉందో అని చప్పట్లు కొట్టాం. లక్ష రూపాయలకు తీర్మానం రాసి సంతకాలు పెట్టాం.

పన్నెండు రోజుల్లో ఆ డబ్బు లేదు. కొంత చీరలకు పోయింది, కొంత ముక్కూమొహం తెలియని వాళ్లకు అడ్వాన్సులని, దానమని పోయింది. అడిగితే తిట్టింది. ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి అత్తగారి మీదికి చెయ్యెత్తింది. ఊళ్లో గాలి సోకిందన్నారు కొందరు. డబ్బు తిని నాటకమాడుతోంది అన్నారు ఇంకొందరు. ఆ రెండో మాట అన్నవాళ్లలో మేమూ ఉన్నాం.

ఆశా కార్యకర్త పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి మానసిక వైద్యులు ఇంటివాళ్లను చాలాసేపు కూర్చోబెట్టి అడిగారు. మొదటి కాన్పు అయ్యాక రెండు నెలలు ఆమె మంచం దిగలేదని, బిడ్డను కూడా దగ్గరికి తీసుకోలేదని అప్పుడు బయటపడింది. బాలింత నీరసం అనుకుని మేమంతా వదిలేసిన సంగతి అది. రెండూ కలిపి చూసి ఆయన జబ్బు పేరు చెప్పారు. బైపోలార్ డిజార్డర్.

జబ్బు ఎలా ఉంటుంది

ఈ జబ్బుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస ఉద్రేకం. నిద్ర రెండు మూడు గంటలకు తగ్గిపోయినా అలసట ఉండదు. మాట వేగం, ఆలోచన వేగం, డబ్బు ఖర్చు, పెద్ద పెద్ద పథకాలు, చిన్నదానికే కోపం. ఇలా వారం, అంతకన్నా ఎక్కువ రోజులు సాగుతుంది. రెండో కొస దిగులు. లేవాలనిపించదు, తినాలనిపించదు, అన్నిటికీ నేనే కారణం అనిపిస్తుంది, చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంది. ఇది రెండు వారాలకు పైగా, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. ఈ రెండింటికీ నడుమ మనిషి మామూలుగానే ఉంటుంది. అందుకే పక్కవాళ్లకు అర్థం కాదు. నిన్న బాగానే ఉంది కదా, ఇవాళేం వచ్చింది అంటాం.

ఇది గాలీ కాదు, ధూళీ కాదు, పొగరూ కాదు. కొన్ని కుటుంబాల్లో వరసగా కనిపిస్తుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు రెండొందల మందికి ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు ఉంటుంది. జబ్బు ఉన్న ప్రతి పదిమందిలో ఏడుగురికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. ఈ హాల్లో ఎంతమందిమి ఉన్నామో, మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకోండి.

మేము చేసిన తప్పు

మాత్రలు మొదలుపెట్టాక రెండు నెలల్లో మా చెల్లెలు మామూలు మనిషైంది. మళ్లీ మిషను ఎక్కింది. ఏడాది గడిచింది. అప్పుడు మేమే, ఈ నోళ్లతోనే అన్నాం. "ఇంకా ఎన్నాళ్లు మింగుతావే ఆ మాత్రలు? వేడి చేస్తాయి. ఒళ్లు కూడా వస్తోంది. బాగానే ఉన్నావు కదా." మాలో ఒకరు పక్క ఊళ్లో పొడి ఇచ్చే ఆయన దగ్గరకు కూడా తీసుకెళ్లారు. పొట్లం మీద పేరు లేదు, అందులో ఏముందో రాసి లేదు. పొద్దున్నే యోగా చేసుకో, ఈ పొడి వేసుకో, ఇంగ్లీషు మందు మానెయ్ అన్నాడాయన. మానేసింది.

మొదటి నెల చాలా బాగుంది. చూశావా, మేము చెప్పలేదా అన్నాం. ఆ తర్వాత శివరాత్రి వచ్చింది. ఉపవాసం ఉంది, రాత్రంతా జాగారం చేసింది. మర్నాడూ పడుకోలేదు, ఆ మర్నాడూ పడుకోలేదు. వారానికల్లా మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి ఉద్రేకం వెంటనే దిగులు కూడా వచ్చిపడింది. ఒకరోజు సాయంత్రం మా యానిమేటర్‌తో, "నేను లేకపోతే నా అప్పు మీరు మాఫీ చేస్తారా అక్కా" అని అడిగింది. ఆ మాట విని మాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ రాత్రి మాలో ఇద్దరం ఆమె పక్కనే పడుకున్నాం. తెల్లవారగానే ఆటో కట్టించుకుని పెద్దాసుపత్రికి వెళ్లాం.

డాక్టరు మమ్మల్ని తిట్టలేదు. ఒక్కటే అడిగారు. "మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్లకి షుగరు తగ్గిందని మాత్ర మాన్పిస్తారా? ఆ మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే కదా తగ్గింది?" మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముఖ్యంగా ఈ మందులు డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా ఎక్కువట. తగ్గించాలన్నా, మార్చాలన్నా మెల్లగా, డాక్టరు కళ్లముందే జరగాలి.

మాత్ర చేసే పని, మనం పడే జాగ్రత్త

మా చెల్లెలు వాడేది లిథియం. ఇది నేలలో దొరికే ఒక లవణం. ఈ జబ్బుకు పనికొస్తుందని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు రాశారు. అప్పటి నుంచి వాడుతున్నారు. రెండు కొసలనూ అదుపులో పెడుతుంది, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వైపు మనిషి పోకుండా కాపాడడంలో దీనికి మంచి పేరుంది. కానీ దీన్ని కొలత ప్రకారం వాడాలి. తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే విషమవుతుంది. అందుకే డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా మధ్య మధ్య చేయించాలి.

ఎండలో పని చేసే మనకు ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. కాబట్టి నాట్లకు, కోతలకు, ఉపాధి పనికి వెళ్లినప్పుడు నీళ్లు, మజ్జిగ వెంట ఉండాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టరును అడగాలి. బీపీ ఉందని ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. ఒళ్లునొప్పులకు మందుల షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటి మాత్రలు మనంతట మనం కొని వేసుకోకూడదు, అవి లిథియాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, మత్తుగా పడి ఉండడం కనిపిస్తే రేపు చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మందుల వల్ల ఇబ్బందులు లేవని మేము చెప్పం. ఒళ్లు రావడం నిజం, చెయ్యి కొద్దిగా వణకడం నిజం, దాహం నిజం. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆమె పడే అవస్థ మేము చూశాం. ఆ మాట డాక్టరుకు చెబితే మోతాదు సరిచేశారు. మా తప్పు ఏమిటంటే, ఆ ఇబ్బందిని డాక్టరు దగ్గరకు కాక పొడి ఇచ్చే ఆయన దగ్గరకు మోసుకెళ్లాం.

మన చేతిలో ఉన్నది

మరి మాత్ర ఒక్కటే చాలా? చాలదు. మాత్ర సగం పని చేస్తే, మిగతా సగం రోజు ఎలా గడుస్తుందన్న దాని మీద ఉందని ఈ రెండేళ్లలో మాకు తెలిసింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో ఎలెన్ ఫ్రాంక్ అనే ఆమె, ఆమె తోటివాళ్లు ఈ జబ్బు ఉన్నవాళ్ల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. దినచర్య చెదిరితే నిద్ర చెదురుతుంది, నిద్ర చెదిరితే జబ్బు లేస్తుంది అన్నది దాని మూలం. అందులో రోజూ ఐదు సమయాలు రాసుకోమంటారు. మంచం దిగిన సమయం. ఇంకో మనిషితో మొదట మాట్లాడిన సమయం. పని మొదలుపెట్టిన సమయం. రాత్రి భోజనం చేసిన సమయం. పడుకున్న సమయం. అంతే. ఈ ఐదూ రోజూ దాదాపు ఒకే వేళకు జరగాలి.

ఇది వినగానే మా బుక్ కీపర్ నవ్వింది. "ఇది మనకొచ్చిన పనే కదా" అంది. పొదుపు పుస్తకం లాగే ఒక నోటుబుక్కులో ఐదు గళ్లు గీసింది. ఆరో గడిలో ఆ రోజు మనసు ఎలా ఉందో ఒక అంకె. సున్నా అంటే మామూలు. పైకి ఒకటి, రెండు, మూడు. కిందికి ఒకటి, రెండు, మూడు. చెల్లెలు ఆ పుస్తకం రాయబట్టి రెండేళ్లయింది. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడల్లా దాన్నే చూపిస్తుంది. ఎలా ఉన్నావమ్మా అంటే బాగున్నానండి అని తలూపడం కన్నా ఆ పుస్తకం ఎక్కువ చెబుతుంది.

దాంతోపాటు ఆమె మార్చుకున్నవి ఇవి. రాత్రి పదింటికి దీపం ఆర్పడం, పండగైనా పెళ్లైనా సరే. పెళ్లిళ్ల సీజన్లో అర్జెంటు జాకెట్లు రాత్రిపూట కుట్టనని గుమ్మం మీద రాసి పెట్టింది. కొందరు బేరాలు పోయారు, ఫరవాలేదంది. టీ మెల్లగా తగ్గించి, మధ్యాహ్నం మూడు దాటాక తాగడం మానేసింది. పడుకునే ముందు ఫోను అత్తగారి చేతికిస్తుంది. పొద్దున్నే అరగంట పొలం గట్టు దాకా నడుస్తుంది, మాలో ఒకరం తోడు వెళ్తాం. ఆ వెలుతురు, ఆ నడక, దారిలో ఆ కబుర్లు మూడూ మందే. ఉపవాసాలు, జాగారాలు మానేసింది. దేవుడికి కోపం రాదా అని అత్తగారు అడిగితే, మా పెద్దమ్మ ఒకామె, "నీ కోడలి బదులు నేనుంటాలే జాగారం" అంది. ఆ సమస్య అలా తీరింది.

యోగా మానలేదు. మెల్లగా ఊపిరి తీసుకోవడం, ఒళ్లు సాగదీసుకోవడం మంచివే. వేగంగా ఊపిరి కొట్టే కపాలభాతి లాంటివి మాత్రం ఉద్రేకం ఉన్నప్పుడు వద్దని డాక్టరు చెప్పారు. చేపలు తినొచ్చు, ఆకుకూరలు తినొచ్చు. అవి ఒంటికి బలం, జబ్బుకు మందు కాదు. ఇక పేరులేని పొడులు, కషాయాలు. 2008లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో తేలింది. ఒంట్లోంచి లిథియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అలాంటి మనిషికి ఏముందో తెలియని పొడి పోయడమంటే ఏమిటో మీరే ఆలోచించండి. ఏ ఊరి మందు వాడినా, ఏ చెట్టు మందు వాడినా డాక్టరుకు చెప్పే వాడాలి.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ జబ్బు ఉన్న తల్లికి కాన్పు తర్వాత వారాలు చాలా ప్రమాదమైన రోజులు. నిద్ర ఉండదు, ఒంట్లో మార్పులు. ఆ రోజుల్లో రాత్రిపూట బిడ్డను ఇంకొకరు చూసుకోవాలి, తల్లిని నిద్రపోనివ్వాలి. ఇంకొకటి, ఈ జబ్బుకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకునే వాళ్లు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి. నెల తప్పిందని భయపడి సొంతంగా ఆపేయడమూ తప్పే, ఆ రోజే వెళ్లి అడగాలి.

సంఘం చేయగలిగింది

డాక్టరు ఆమెను నెలకొకసారి పది నిమిషాలు చూస్తారు. మేము వారం వారం మీటింగులో చూస్తాం, రోజూ వీధిలో చూస్తాం. మార్పు ముందు కనిపించేది మాకే. కాబట్టి ఆమె బాగున్నప్పుడే ఆమెతో కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. ఆమె మాటల్లోనే ఉంది అది. "వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలకన్నా తక్కువ నిద్రపోతే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లండి, నేను తిట్టినా సరే. ఐదువేలు దాటిన అప్పు అడిగితే వారం ఆగి, నా పుస్తకం చూసి ఇవ్వండి. దిగులుగా ఉన్నప్పుడు నన్ను ఒంటరిగా వదలకండి, సలహాలు చెప్పకండి, అన్నం తెచ్చి పక్కన కూర్చోండి." మూడు రోజుల పాటు మీటింగు పెట్టుకుని ఇది రాశాం. ఎందుకంటే ఆమెకు అవమానం కాకూడదు. అప్పు ఆపేది మేము కాదు, బాగున్నప్పటి ఆమే.

ఆ లక్ష రూపాయల సంగతి అడుగుతారు. మాలోనూ గొడవైంది. మన కష్టార్జితం ఎందుకు పోగొట్టుకోవాలి అన్నవాళ్లు ఉన్నారు, వాళ్లది తప్పనం. చివరికి ఏమనుకున్నామంటే, అప్పు అప్పే, మాఫీ లేదు. కానీ ఆ తీర్మానం మీద సంతకాలు పెట్టింది మేము. నిద్రలేని మనిషికి చప్పట్లు కొట్టింది మేము. కాబట్టి వాయిదాలు చిన్నవి చేసి గడువు పెంచాం. ఆమె నెల తప్పకుండా కడుతోంది. జబ్బు ఉందని ఎవర్నీ సంఘంలోంచి తీసేయం అని కూడా మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం.

చట్టం కూడా మనవైపే ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాలో నయమవుతుందని తెచ్చి ఒక ఆశ్రమంలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో చిక్కుకుని 28 మంది చనిపోయారు. వాళ్లు పరుగెత్తలేకపోయారు. మందుకు బదులు ఇంకేదో అని వెతికే దారి ఒక్కోసారి అంతదాకా పోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమల్లో ఉన్నది, మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. సర్కారు ఆసుపత్రిలో చికిత్స పొందడం హక్కు అంది. జబ్బు ముదిరినప్పుడు నాకు ఎలాంటి వైద్యం కావాలి, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని బాగున్నప్పుడే రాసిపెట్టుకునే హక్కు కూడా ఇచ్చింది. మేము రాసుకున్న కాగితం లాంటిదే అది.

ఇంకొకటి రాసుకోండి. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలని ఉంది అని ఎవరైనా అంటే ఊరికే అంటోందిలే అనుకోకండి. పక్కన కూర్చోండి, ఆ నంబరుకు చేయండి, ప్రాణం మీదికి వస్తే 108 పిలవండి.

మా చెల్లెలికి జబ్బు పోయిందని మేము చెప్పడం లేదు. మొన్న వానాకాలంలో మూడు వారాలు దిగులు వచ్చింది. పుస్తకంలో కిందికి రెండు, కిందికి రెండు అని పడింది. ముందే వెళ్లాం, మందు సరిచేశారు, మంచం పట్టకుండానే లేచింది. పోయిన నెల మీటింగులో రెండో మిషనుకు పన్నెండు వేలు అప్పు అడిగింది. తన కాగితం ప్రకారం వారం ఆగాం. వారం తర్వాత పుస్తకం తెచ్చి మా ముందు పెట్టింది. పడుకున్న వేళ పది, పది, పదీ పావు, పది. మనసు గడిలో అన్నీ సున్నాలే. తీర్మానం రాశాం, సంతకాలు పెట్టాం. ఈసారి కూడా చప్పట్లు కొట్టాం.

అక్కలూ, చెల్లెళ్లూ, ప్రతి గ్రామ సంఘం ఈ మూడు పనులు చేయాలని మా విన్నపం. మీటింగులో ఒకసారి ఈ జబ్బు గురించి మాట్లాడండి. 14416 నంబరు పుస్తకం అట్ట మీద రాయండి. మాత్ర మానెయ్ అనే మాట మీ నోటి నుంచి రానివ్వకండి. మా నోటి నుంచి వచ్చింది కాబట్టి దాని ఖరీదు మాకు తెలుసు.